గాలక్క కాలి బొటనవేలు

పన్నెండు టన్నుల బస్సును గాలక్క తన కాలి బొటనవేలితో ఆపింది. డిపో యార్డులో, పట్టపగలు, నలభై మంది చూస్తుండగా. బస్సు ఆగింది. వేలు చెక్కుచెదరలేదు.

సరే, అలా కళ్ళు పెద్దవి చేసి చూడకండి. ఒకటి రెండు మాటలు వెనక్కి తీసుకోవచ్చు. నలభై మంది కాదు, ఓ ఇరవై ముగ్గురు ఉంటారు. బస్సు దూసుకుని రాలేదు, బజారుకు ఆలస్యమైన మనిషి నడిచినంత వేగంతో వచ్చింది. ఇక ఆ కాలి బొటనవేలంటారా, అప్పటికది కాలికి లేదు, చేతికి ఉంది. మిగతాదంతా నిజమే.

గాలక్కకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. డిపోలో అది జీతం కాగితానికి తప్ప ఎవరికీ తెలియదు. ఆ బస్సుల్లో బ్రేకులూ తలుపులూ గాలితో పనిచేస్తాయి. ఇంజను పక్కనున్న కంప్రెసరు గాలిని ట్యాంకుల్లోకి కుక్కుతుంది. డ్రైవరు పెడలు తొక్కగానే ఆ గాలి గొట్టాల వెంట పరుగెత్తి చక్రాలను పట్టుకుంటుంది. గొట్టంలో ఎక్కడ సన్నటి లీకు ఉన్నా పట్టు సడలుతుంది. ఆ లీకులు వెతికి బిగించడం గాలక్క పని. ఇరవై రెండేళ్ళుగా అదే పని.

మిగతా ఫిట్టర్లు జాయింట్లకు బ్రష్షుతో సబ్బునీళ్ళు పూసి, బుడగలు వస్తాయేమోనని చూస్తారు. గాలక్క బస్సు కిందికి దూరి, కళ్ళు మూసుకుని, రెండు నిమిషాలు ఊరికే వింటుంది. "ఎడమ వెనక చక్రం. రెండో జాయింటు. లోపల వాషరు చచ్చింది" అంటుంది. విప్పి చూస్తే వాషరు చచ్చే ఉంటుంది. ఇంట్లో కూడా ఆ చెవులతో ఎవరికీ సుఖం లేదు. చక్కెర ముట్టకూడదని డాక్టరు చెప్పిన అత్తగారు మూడో గదిలో చక్కెర డబ్బా మూత మీద చెయ్యి వేస్తే చాలు, స్నానాల గదిలోంచి కోడలి కేక వచ్చేది. "అత్తయ్యా! మూత పెట్టేయండి!"

ఆ డిపోలో ఒక పద్ధతి ఉంది. ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు. యార్డు చివర నేల మీద ఒక తెల్లగీత ఉంటుంది. బ్రేకు బాగుచేసిన బస్సును డ్రైవరు నెమ్మదిగా ఆ గీతవైపు తోలుకొచ్చి ఆపుతాడు. గీత మీద నిలబడేది ఎవరయ్యా అంటే, ఆ బ్రేకు కట్టిన మనిషే. చెయ్యి చాస్తే బంపరు అందేంత దూరంలో బస్సు ఆగాలి. అంతకన్నా ముందే ఆగితే బ్రేకు మరీ బిగుతు, ఇంకా దగ్గరికొస్తే వదులు. ఆ పద్ధతి వచ్చాక బ్రేకుల దగ్గర కునికిపాట్లు పడేవాళ్ళు లేరు. మిగతావాళ్ళు గీత మీద గుండె గుప్పిట్లో పెట్టుకుని నిలబడేవారు. గాలక్క మాత్రం వచ్చే బస్సుకు వీపు పెట్టి నిలబడి టీ తాగేది. వెనకనుంచి 'ఫుస్స్' మని గాలి వదిలిన చప్పుడు విని, తిరిగి చూడకుండానే "ఇంకో అరచుట్టు బిగించాలి" అని చెప్పేది.

అలాంటి మనిషి ఒక ఉదయం, ఇంజను తిరుగుతుండగా, విన్నది చాలక కంప్రెసరు పక్కన చెయ్యిపెట్టి తడిమింది. ఇలా చేయకూడదని పదిమందికి నేర్పింది తనే. కంప్రెసరును తిప్పే బెల్టుకు ఆ సంగతి తెలియదు. కుడిచేతి బొటనవేలును మొదలంటా తీసుకుపోయింది. దొరికిన ముక్క తిరిగి అతికించే స్థితిలో లేదు.

ఫోర్‌మన్ పళ్ళ సంచీతో ఆసుపత్రికి వచ్చాడు. గాలక్క దగ్గరే పని నేర్చుకుని ఫోర్‌మన్ అయినవాడు, మనసు మంచిది, మాట మాత్రం ఎప్పుడూ తప్పు చోట తగిలేది.

"అక్కా, నువ్వేం దిగులు పెట్టుకోకు. పోయిన సామాన్ల గది ఉంది కదా, అక్కడ మనిషి కావాలి. కూర్చుని చేసే పని. ఫ్యాను కూడా ఉంది."

బస్సుల్లో జనం మరిచిపోయినవన్నీ ఆ గదిలో ఉంటాయి. నూట నలభై గొడుగులు, జత తప్పిన చెప్పులు, టిఫిను డబ్బాలు, ఎవరో పెద్దాయన పళ్ళసెట్టు.

"గొడుగులు చప్పుడు చేస్తాయా?" అని అడిగింది గాలక్క.

"చెయ్యవు అక్కా."

"అయితే అక్కడ నేనేం వినను?"

ఫోర్‌మన్ పళ్ళ సంచీని ఇటునుంచి అటు మార్చి పెట్టి అసలు సంగతి చెప్పాడు. ఏడాదిలోగా ఆ చేత్తో మళ్ళీ బ్రేకు కట్టి చూపిస్తే పాత పని పాతదే. లేకపోతే గొడుగుల గది ఇక శాశ్వతం.

మర్నాడు సర్జనమ్మ వచ్చింది. మనిషి పొట్టి, మాట ఇంకా పొట్టి. గాలక్క చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, దుప్పటి ఎత్తి కాళ్ళు చూసింది.

"బొటనవేలు లేకపోతే సగం చెయ్యి లేనట్టే. నీ కాలి బొటనవేలు తీసి ఇక్కడ పెడతాను."

మంచం పక్కన భర్త ఉన్నాడు. ఆయన దర్జీ. సహజంగానే నోట్లో నాలుక లేని మనిషి. ఆ లోటు తీర్చడానికి పక్కనే వాళ్ళమ్మ ఉంది.

"కాలి వేలు చేతికా? అంటే మా కోడలు రేపటినుంచి నాకు కాలితో వడ్డిస్తుందా డాక్టరమ్మా?"

"మీకు చక్కెర తప్ప ఏదైనా వడ్డిస్తుంది" అంది సర్జనమ్మ. ఇంటి సంగతులన్నీ గాలక్క అప్పటికే చెప్పేసినట్టుంది.

దర్జీ ఎట్టకేలకు నోరు విప్పాడు. ఆయన అడిగింది పెళ్ళాం బతుకుతుందా అని కాదు.

"ఏ నంబరు దారమండీ?"

సర్జనమ్మ మొదటిసారి నవ్వింది. ఆయన్ను తీసుకెళ్ళి మైక్రోస్కోపు కింద చూపించింది. తల వెంట్రుకకన్నా సన్నటి దారం. కనురెప్ప వెంట్రుకను వంచినట్టున్న సూది. అగ్గిపుల్ల లావు కూడా లేని రక్తనాళం. దాని చుట్టూ ఎనిమిది కుట్లు వేయాలి, ఒక్క చుక్క కారకూడదు. దర్జీ ఇంటికొచ్చి రెండు రోజులు మిషను ముట్టుకోలేదు. "మనం కుట్టేవి కుట్లు కావమ్మా, గోనెసంచి మూతులు" అని తల్లి దగ్గర వాపోయాడు.

ఆపరేషను పదకొండు గంటలు పట్టింది. ఎముకకు ఎముక, నరానికి నరం, నాళానికి నాళం కలిపారు. రక్తం ఆపడానికి బిగించిన క్లిప్పు వదలగానే, తెల్లకాగితంలా ఉన్న వేలు మెల్లగా గులాబీరంగుకు తిరిగిందట. ఈ సంగతి గాలక్కకు చెబితే ఆమె ఒకే ఒక ప్రశ్న వేసింది. "లీకులు చూశారా?"

వేలు బతికింది. కానీ బతకడం వేరు, పనిచేయడం వేరు. లోపల కుట్టిన, వేలిని లాగే స్నాయువులు కదలకుండా ఉంటే చుట్టుపక్కల కండకు అంటుకుపోతాయి. గట్టిగా కదిపితే తెగిపోతాయి. రోజుకు కొన్ని వందల సార్లు, వెన్న తీసినంత మెత్తగా కదపాలి. అంత ఓపిక మనిషి చేతికి లేదు. అందుకని ఆసుపత్రి పక్క భవనంలో ఒక ప్రొఫెసరు గాలితో నడిచే చేతితొడుగు తయారుచేస్తున్నాడు. పెన్సిలంత చిన్న సిలిండర్లు, వాటిలో పిస్టన్లు, వాటికి కట్టిన తీగలు. గాలి పిస్టనును తోస్తే తీగ వేలిని లాగుతుంది.

ప్రొఫెసరు బట్టతల మనిషి. చొక్కా జేబులో నాలుగు పెన్నులుండేవి, రాయడానికి మాత్రం ఎప్పుడూ పక్కవాళ్ళ పెన్ను అడిగేవాడు. ఆయన తొడుగు ఇంకా ఏ రోగి చేతికీ ఎక్కలేదు. చెక్కతో చేసిన చేతికి తొడిగి పరీక్షిస్తున్నాడు. చెక్క చెయ్యి వేలు మడవమంటే కాసేపు బిగుసుకుని ఉండేది, ఉన్నట్టుండి ఎగిరిపడేది. కంప్యూటరులో లెక్కలు నాలుగు నెలలుగా మారుస్తున్నాడు. ఎగరడం మానలేదు.

ఆపరేషనై ఆరు వారాలు దాటాక సర్జనమ్మ గాలక్కను అక్కడికి పంపింది. తొడుగు సిద్ధం కాలేదని ఆమెను వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. రోజూ వెళ్ళడం, కూర్చోవడం, తిరిగి రావడం. క్యాలెండరులో కాగితాలు చిరుగుతున్నాయి. వేలు బిగుసుకుంటోంది. గొడుగుల గది దగ్గరవుతోంది. నాలుగో రోజు గాలక్క లేచి, బొటనవేలు లేని కాలితో కుంటుకుంటూ, తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

"సారూ, మీ చెయ్యికి ఎక్కిళ్ళు వస్తున్నాయి."

ప్రొఫెసరు తలెత్తాడు. "ఎవరమ్మా నువ్వు?"

"బయట బెంచీ మీద ఎదురుచూసే వేలు నాది. మూడు రోజులుగా వింటున్నాను. ఇస్స్ అని సన్నగా వస్తోంది, ఆగుతోంది, టప్పున కొడుతోంది. గాలి ముక్కు ఎటువైపు మూస్తున్నారు మీరు?"

గొట్టానికున్న చిన్న ఇత్తడి మర చూపించాడాయన. "ఇదిగో, లోపలికొచ్చే గాలికి. కొత్తగా కుట్టిన వేలు కదమ్మా. గాలి కొంచెం కొంచెంగా రావాలని."

"హమ్మయ్య!" అంది గాలక్క. "నేనింకా పెద్ద జబ్బేమో అనుకున్నాను."

"అంటే?"

"మా బస్సు తలుపులు కొత్తలో ఇదే చేసేవి. ముందు కదిలేవి కావు, తరవాత ఒక్కసారి కొట్టేవి. ఒకసారి ఓ పెద్దమనిషి టోపీ లోపల, ఆయన బయట. సారూ, మీరు గాలిని ఆకలితో మాడుస్తున్నారు. పిస్టను కదలడానికి బలం చాలక పట్టేసుకుంటుంది. బలం పోగవ్వగానే దూకుతుంది. వచ్చే గాలిని హాయిగా రానివ్వండి. అవతలివైపు నుంచి బయటికి పోయే గాలి ఉంటుంది చూడండి, దాన్ని పట్టుకోండి. అప్పుడు పిస్టనుకు ముందూ గాలే, వెనకా గాలే. పరుపు మీద కూర్చున్నట్టు కూర్చుని నడుస్తుంది."

"మరి బలం ఎక్కువైపోదూ? కుట్లు తెగితే?"

"బలానికి గొట్టం మొదట్లో రెగ్యులేటరు ఉందిగా, దాన్ని తగ్గించుకోండి. బలం వేరు, వేగం వేరు. ఈ ముక్క మా ఫోర్‌మన్‌కు ఎక్కించడానికి నాకు మూడేళ్ళు పట్టింది. మీరు చదువుకున్నవాళ్ళు, సాయంత్రానికి పట్టేస్తారు."

కాన్వెంటు బడిలో సిస్టరుగారు స్కేలు పట్టుకుని బల్ల పక్కన నిలబడితే పిల్లవాడు ఎలా కూర్చుంటాడో, ఆ గదిలో ప్రొఫెసరు అలా కూర్చున్నాడు. మర తీశాడు. బయటికి పోయే గొట్టానికి పెట్టాడు. రెగ్యులేటరు తగ్గించాడు. మీట నొక్కాడు. చెక్క చెయ్యి, నిద్రలో పసిపిల్ల పిడికిలి ముడిచినట్టు, మెల్లగా వేళ్ళు మడిచింది. మెల్లగా విప్పింది.

ప్రొఫెసరు మీట మళ్ళీ నొక్కి చూశాడు, చెయ్యి మళ్ళీ అలాగే మెల్లగా మడిచి విప్పింది.

"పెన్ను ఉందా అమ్మా?" అన్నాడు ప్రొఫెసరు.

గాలక్క ఎడమచేత్తో ఆయన జేబులోంచే ఒకటి తీసి ఇచ్చింది.

ఆ తరవాత తొడుగు చెక్క చేతిమీద వారం రోజులు, కొలతలన్నీ పెట్టుకుని, ఆగకుండా నడిచింది. అప్పుడు గాని సర్జనమ్మ దాన్ని గాలక్క చేతికి తొడగనివ్వలేదు. తొడిగిన మొదటి రోజే లోపలి కుట్టు ఒరుసుకుని చర్మం ఎర్రబడింది. దర్జీ ఆ తొడుగును ఇంటికి తెచ్చుకుని, తిరగేసి చూసి, "దీన్ని కుట్టినవాడికి మిషను ఇచ్చిందెవరో" అన్నాడు. ఆయన జీవితంలో ఒకరిని తిట్టింది అదొక్కసారే. కుట్లన్నీ బయటివైపుకు వచ్చేలా మళ్ళీ కుట్టాడు. ఏ పేషెంటుకైనా సరిపోయేలా మూడు కొలతల్లో ఇంకో మూడు కూడా కుట్టి పంపాడు.

వేలు కదిలింది. మొదట గోరంత, తరవాత బెత్తెడు. కానీ దానికి స్పర్శ లేదు. నరం రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుందని సర్జనమ్మ చెప్పింది. స్పర్శ లేని వేలితో నట్టు పట్టుకోవడం చలికాలం చేతులకు దుప్పటి చుట్టుకుని సూదిలో దారం ఎక్కించడం లాంటిది. గాలక్క పొద్దున్నే లేచి వేలిని గిల్లి చూసుకునేది. ఎవరో పరాయివాళ్ళను గిల్లినట్టుండేది. ఎనిమిదో నెల వచ్చింది. తొమ్మిదో నెల వచ్చింది. ఫోర్‌మన్ గొడుగుల గదికి సున్నం కొట్టించాడని కబురు తెలిసింది.

ఒక సాయంత్రం ముగ్గురూ టీ తాగుతున్నారు. గాలక్క ఉన్నట్టుండి గావుకేక పెట్టింది.

"అత్తయ్యా! నా కాలు తొక్కుతున్నారు!"

"నేనా? నా కాళ్ళు కుర్చీ మీద మడుచుకుని కూర్చున్నానే!"

"మరి బొటనవేలు నలిగిపోతుంటే..."

"నీ చెయ్యి పట్టుకున్నానే తల్లీ, డబ్బా నా వైపు జరపమని."

అందరూ బల్లమీదికి చూశారు. ముసలావిడ వేళ్ళ మధ్య కోడలి కొత్త బొటనవేలు ఉంది. కాలు కాదు, చెయ్యి. మెదడుకు ఆ చిరునామా మార్పు ఇంకా అందలేదు, అంతే.

"మళ్ళీ నొక్కండి" అంది గాలక్క.

"నొక్కాను."

"ఎవరో నా కాలు తొక్కుతున్నారు" అంది గాలక్క. కళ్ళనీళ్ళు టీలో పడ్డాయి. దర్జీ పరుగెత్తుకెళ్ళి టేపు, సూది, వెల్వెట్టు ముక్క, బొత్తాం తెచ్చి, ఒక్కొక్కటే వేలికి ఆనించి, కళ్ళు మూసుకుని చెప్పమన్నాడు. ఈ సంబరంలో అత్తగారు రెండు చెంచాల చక్కెర వేసుకున్న సంగతి ఎవరూ చూడలేదు. గాలక్క విన్నది, ఆ ఒక్కరోజుకు వదిలేసింది.

పదకొండో నెలలో పరీక్ష పెట్టారు. షెడ్డు ముందు ఎండలో బస్సు నిలబెట్టారు. డ్రైవరు పెడలు వెనకాల, స్పానరు దూరని మూలలో, ఒక జాయింటు ఉంటుంది. అక్కడ నట్టును ముందు వేళ్ళతోనే మరల్లోకి ఎక్కించాలి. బొటనవేలూ మరో రెండు వేళ్ళూ మాత్రమే పడతాయి. ఫోర్‌మన్ దాన్నే విప్పి ఇచ్చాడు. పగబట్టి కాదు. ఆ మూల చేయగలిగితే అన్నీ చేసినట్టే.

నట్టు మొదటిసారి జారి పడింది. రెండోసారి వంకరగా ఎక్కింది. తీసేసింది. మూడోసారి మళ్ళీ పడింది. సర్జనమ్మ, ప్రొఫెసరు, దర్జీ, అత్తగారు వరసగా గోడకు ఆనుకుని నిలబడ్డారు. డిపో మొత్తం అక్కడే ఉంది. అందరూ చూస్తున్నది ఆ వేలినే, గాలక్క కూడా. నాలుగోసారి ఆమె కళ్ళు మూసుకుంది. లీకు వినేటప్పుడు మూసుకున్నట్టే. నట్టును వెనక్కి అరచుట్టు తిప్పింది. మర అంచు వేలికింద చిన్నగా 'టిక్' మంది. ఎవరో తన కాలిమీద ఆవగింజ వేసినట్టు తెలిసింది. ముందుకు తిప్పింది. ఎక్కింది.

సబ్బునీళ్ళు పూశారు. ఒక్క బుడగ లేదు.

"ఇక చాలక్కా" అన్నాడు ఫోర్‌మన్, మొహం చాటంత చేసుకుని. "సంతకం పెట్టేస్తాను. గీత అక్కర్లేదు."

గాలక్క ఒంటికాలిమీద లేచింది. "ఎందుకక్కర్లేదు? ఆ ఒక్కటీ నాకు వదిలేశావంటే నేను గొడుగుల గదిలో కూర్చున్నట్టే."

"అదేం గీత?" అని సర్జనమ్మ అడిగింది. చెప్పారు. ఆమె గాలక్క కుడిచెయ్యి పట్టుకుని ఆపింది. "నేను పదకొండు గంటలు నిలబడి కుట్టింది బస్సు ముందు పెట్టడానికా?"

"మీ కుట్టు మీద మీకు నమ్మకం లేదా డాక్టరమ్మా?"

"ఉంది!"

"నాకూ నా కట్టు మీద ఉంది" అని గాలక్క యార్డులోకి నడిచింది.

కానీ ఆ రోజు ఆమె టీ అడగలేదు. బస్సుకు వీపు పెట్టలేదు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఎదురు తిరిగి నిలబడింది. బస్సు కదిలింది. అద్దం మీద ఎండ మెరుస్తోంది. అత్తగారు కొడుకు చెయ్యి పట్టుకుంది. ప్రొఫెసరు నాలుగు పెన్నులూ ఒకేసారి పట్టుకున్నాడు. గాలక్క కుడిచెయ్యి ముందుకు చాచి, ఆ గులాబీరంగు బొటనవేలిని నిలబెట్టింది.

'ఫుస్స్.'

బస్సు ఆగింది. బంపరు వేలికి ఆనింది. సరిగ్గా చెయ్యి చాచినంత దూరం, పిసరు ఎక్కువా లేదు, తక్కువా లేదు.

మరుక్షణం గాలక్క "అమ్మో! కాలు కాలింది, కాలు కాలింది!" అని ఒంటికాలిమీద గెంతడం మొదలుపెట్టింది. పొద్దుటినుంచి ఎండలో ఉన్న ఇనుప బంపరు అది. ఏ కాలికీ ఏమీ కాలేదు. చేతి వేలికి వేడి తెలిసింది, అంతే. ఆ గెంతులు చూసి ముందు నవ్వింది సర్జనమ్మే. తరవాత డిపో మొత్తం. ఫోర్‌మన్ కాగితాన్ని బానెట్టు మీద పెట్టి, నవ్వుతూనే సంతకం వంకరగా పెట్టాడు. పెన్ను ప్రొఫెసరుగారే ఇచ్చారు.

ఇప్పుడు వెళ్ళినా ఆ డిపోలో గాలక్క బస్సు కింద కళ్ళు మూసుకుని పడుకుని కనిపిస్తుంది. ఇదంతా ఆమెకు చదివి వినిపిస్తే, ఆమె ఊరగాయ సీసా మూతను ఆ బొటనవేలితో ఒక్క తిప్పుకు తీసి, ఇలా అంది:

"ఒక్క ముక్క నిజం లేదు. మా డిపోలో గీతే లేదు. నాకు ఏ ఆపరేషనూ కాలేదు, ఈ వేలు పుట్టినప్పటినుంచి ఇక్కడే ఉంది. ఆ ప్రొఫెసరెవరో నేను చూడనే లేదు. మా అత్తయ్య చక్కెర ముట్టదు."